నాటకానికి, షార్ట్ ఫిల్ముకి కొత్త బట్టల్ని, తోలు సామాన్లని పాతవిగా మార్చడం ఎలా?

విజయవాడ వన్‌టౌన్‌లోని వస్త్రలత బట్టల మార్కెట్లో పొద్దున కొన్న చొక్కా, సాయంత్రం రిహార్సల్‌కి ఇరవై ఏళ్ళు మూటలు మోసినవాడి ఒంటి మీద ఉండాలి. అదీ మన పని. పరిషత్తు నాటకాలు వేసేవాళ్ళూ, షార్ట్ ఫిల్ములు తీసే కుర్రాళ్ళూ మళ్ళీ మళ్ళీ అడుగుతున్నది ఒకటే: "అన్నా, బురద పూశాం, టీ నీళ్ళలో ముంచాం, అయినా కొత్త బట్టకి మురికి పట్టినట్టే ఉంది. ఎందుకు?"

ఎందుకంటే మాసిన బట్ట వేరు, పాత బట్ట వేరు. మాసింది ఉతికితే కొత్తదవుతుంది. పాతది ఉతికినా పాతదే. ముందు బట్ట అరగాలి, తర్వాత వెలవాలి, ఆ తర్వాతే మాయాలి. చాలామంది మూడోదానితో మొదలుపెడతారు. ఈ వరస తప్పకపోతే సగం పని అయినట్టే.

1. చేయి పెట్టే ముందు: ఎవరి బట్ట ఇది?

ఒక కాగితం మీద మనిషి బొమ్మ గీయండి, ముందువైపు ఒకటి, వెనకవైపు ఒకటి. బొమ్మ బాగా రాకపోయినా ఫర్వాలేదు. పాత్ర ఏ పని చేస్తుంది, ఏ చేయి ఎక్కువ వాడుతుంది, ఎక్కడ కూర్చుంటుంది, ఏం మోస్తుంది అని ఆలోచించి, అరిగే చోట్లకి గీతలు, మాసే చోట్లకి చుక్కలు పెట్టండి.

ఊహించడం కంటే చూడటం మేలు. గుంటూరు మిర్చి యార్డులో హమాలీల చొక్కాలు గమనించండి. బస్తా ఆనే భుజం దగ్గర బట్ట పల్చబడి ఉంటుంది, మెడ వెనక ఎర్రదుమ్ము చెమటలో కలిసి గట్టిగా పట్టుకుని ఉంటుంది. చాలామందికి రెండో భుజం అంత పాడవదు. ఆటోనగర్ మెకానిక్ చొక్కాకి నలుపంతా పొట్ట మీదా, చేతులు తుడుచుకునే తొడల పక్కనా ఉంటుంది. వీపు శుభ్రం. సంచి తగిలించుకునే బస్సు కండక్టరుకి భుజం నుంచి నడుము దాకా ఏటవాలుగా పట్టీ రాసుకున్న గుర్తు ఉంటుంది. డెల్టా రైతు పంచెకి మోకాలి కింద బురద చారలు, పైన ఎండకి వెలిసిన తెలుపు.

రెండు వైపులా సమానంగా అరిగిన బట్ట ఎక్కడా ఉండదు. మీ బొమ్మలో కుడి ఎడమలు ఒకేలా వస్తే పాత్ర గురించి ఇంకా ఆలోచించలేదని అర్థం.

మొదలుపెట్టే ముందు ఇవి తేల్చుకోండి:

- బట్ట సొంతమా, అద్దెదా? అద్దెదైతే నేరుగా 10వ భాగానికి వెళ్ళండి.
- స్టేజీ మీదకా, కెమెరా ముందుకా? స్టేజీకైతే ముప్పై అడుగుల దూరానికి కనపడాలి. కెమెరాకైతే కాలరు కుట్టు కూడా కనపడుతుంది.
- ఎన్ని ప్రదర్శనలు? మధ్యలో ఉతుకుతారా?
- షూటింగ్ అయితే అదే బట్ట ఎన్ని జతలు? కథలో బట్ట చిరిగే సీను ఉంటే కనీసం రెండు.

2. బట్ట ఏదో కనిపెట్టడం

ఇది దాటేస్తే తర్వాత ఏ రంగూ పట్టదు. షాపువాడు కాటన్ అన్నాడని నమ్మకండి. లోపలి కుట్టు మార్జిన్‌లోంచి రెండు పోగులు లాగి, సింక్ దగ్గర నిలబడి, పటకారుతో పట్టుకుని అగ్గిపుల్లతో వెలిగించండి.

కాటన్ అయితే కాగితంలా కాలి, కాగితం వాసన వచ్చి, మెత్తటి బూడిద మిగులుతుంది. పాలిస్టర్ అయితే కరిగి ముడుచుకుని గట్టి నల్లపూసలా అవుతుంది. పట్టు, ఉన్ని అయితే వెంట్రుకలు కాలిన వాసన. బూడిదా పూసా రెండూ కనిపిస్తే కలిపి నేసిన బట్ట.

పాతపరచడానికి కాటన్ అంత మంచిది ఇంకోటి లేదు. మంగళగిరి కాటన్, ఖాదీ, మామూలు గాడా గుడ్డ, ఏదైనా చెప్పినట్టు వింటుంది. పాలిస్టర్ టీ రంగు తీసుకోదు, బ్లీచ్‌కి కదలదు, అరగదీస్తే ఉండలు కడుతుంది. కొనకముందే ఈ సంగతి చూసుకుంటే బోలెడు టెన్షన్ తప్పుతుంది. ఇప్పటికే కొనేసి ఉంటే దాని మీద పెయింటు ఒక్కటే దారి.

3. సామాను

ఖరీదైనవేం అక్కర్లేదు. సగం ఇంట్లోనే ఉంటాయి, మిగతావి హార్డ్‌వేర్ షాపులో దొరుకుతాయి.

- ఎమరీ కాగితం: 80, 120, 220 నంబర్లు
- ఇనప బ్రష్షు, ఆకురాయి, పాత కొబ్బరి కోరు, ఇటుక ముక్క
- సగం బ్లేడు, కుట్లు విప్పే సూది, చిన్న కత్తెర
- రెండు స్ప్రే సీసాలు, పాత టూత్ బ్రష్షులు, స్పాంజి ముక్కలు
- టీ పొడి, కరక్కాయ పొడి, పటిక
- యాక్రిలిక్ రంగులు: నలుపు, ముదురు గోధుమ, పసుపుమన్ను రంగు, తెలుపు. దొరికితే బట్ట మీద వేసేందుకు కలిపే ఫ్యాబ్రిక్ మీడియం
- ముల్తానీ మట్టి, జాజు (ఎర్రమన్ను పొడి), బొగ్గుపొడి
- కొవ్వొత్తి, బ్రౌన్ షూ పాలిష్
- చేతి తొడుగులు, మూతికి మాస్కు, కళ్ళద్దాలు

మాస్కు అలంకారానికి రాయలేదు. ఎమరీ ధూళి, ముల్తానీ మట్టి, బొగ్గుపొడి, మూడూ ఊపిరితిత్తుల్లోకి పోయేవే. పని డాబా మీదో వరండాలోనో పెట్టుకోండి, ఫ్యాను కింద వద్దు.

4. కొత్తదనం పోగొట్టడం

కొత్త బట్టకి గంజి, మిల్లు పూత ఉంటాయి. అవి ఉన్నంతసేపూ రంగు మచ్చలు మచ్చలుగా పడుతుంది. వేడినీళ్ళు, సబ్బుపొడి వేసి రాత్రంతా నానబెట్టి, పొద్దున ఉతకండి. ఇలా రెండుసార్లు. మెత్తదనం ఇచ్చే లిక్విడ్లు వేయకండి, అవీ రంగుకి అడ్డమే.

వాషింగ్ మెషిన్ ఉన్నా సరే, ఈ ఉతుకు బండ మీద అయితే మంచిది. బండకేసి బాదినప్పుడు కాలరు అంచులు, కుట్ల గట్లు, గుండీ కాజాలు ముందు దెబ్బతింటాయి. నిజం బట్ట అరిగేదీ అక్కడే. మన పెరటి బండ చేసే పని ఏ మిషనూ చేయదు.

కొత్త గుండీలు తీసేసి పాతవి కుట్టండి, ఒకటి వేరే రకంది కలిపితే ఇంకా మంచిది. దారం కూడా గమనించండి. పాలిస్టర్ దారం టీ రంగు తీసుకోదు కాబట్టి, వెలిసిన బట్ట మీద కొత్త కుట్టు తెల్లగా మెరుస్తూ మోసం బయటపెడుతుంది. మీరే కుట్టిస్తుంటే కాటన్ దారంతో కుట్టమని టైలరుకి ముందే చెప్పండి.

5. ఒళ్ళు పట్టించడం

వేసుకున్న బట్టకి మనిషి ఆకారం మిగులుతుంది. మోచేతి దగ్గర ఉబ్బు, మోకాళ్ళ దగ్గర బుంగ, జేబు దగ్గర సాగుడు. హ్యాంగరుకి వేలాడదీసి రంగు కొడితే ఇవేవీ రావు.

బట్ట తడిపి పిండి, చేతుల్లో, కాళ్ళలో పాత గుడ్డలు కూరండి. మోచేయి, మోకాలు వంచి తాడుతో వదులుగా కట్టండి. జేబులో రాళ్ళు వేయండి. సెల్‌ఫోన్ పెట్టుకునే పాత్ర అయితే అంత సైజు చెక్కముక్క, బీడీకట్ట పెట్టుకునేవాడైతే బీడీకట్టే. అలాగే ఆరనివ్వండి.

ఇంకా తేలిక మార్గం ఒకటుంది. నటుడికి ఇచ్చేసి వారం రోజులు రిహార్సల్ అందులోనే చేయమనండి. మొదట్లో సణుగుతారు. మన ఊరి ఉక్కలో వారం వేసుకుంటే అసలు చెమట చారలు ఎక్కడ వస్తాయో మీకు ఉచితంగా తెలుస్తుంది. వాటిని పెన్సిల్‌తో గుర్తుపెట్టి, ఉతికి, తర్వాత రంగుతో అక్కడే వేయండి.

6. అరగదీయడం

అసలు పని ఇదే. తొందరపడకండి.

బట్ట పొడిగా ఉండాలి. లోపల గట్టి వస్తువు పెట్టాలి: మోచేతి లోపల గుండ్రటి గిన్నె, కాలరు లోపల చెక్క స్కేలు, జేబు అంచు లోపల పుస్తకం. ఆధారం లేకుండా రుద్దితే బట్ట సాగుతుంది తప్ప అరగదు.

ముందు 120 నంబరు ఎమరీతో అంచులు: కాలరు మడత, కఫ్ చివర, జేబు నోరు, గుండీ పట్టీ, ప్యాంటు కింది అంచు. ఒకే దిశలో, చిన్న చిన్న గీతలుగా. పోగులు తెల్లగా నూగులా లేచాక 220తో మెత్తగా చేయండి. తర్వాత వెడల్పు చోట్లు: మోచేయి, మోకాలు, పిరుదులు, మూట మోసే భుజం. వీటికి 80 నంబరుతో మొదలుపెట్టి, మధ్యలో గట్టిగా, చుట్టూ తేలిగ్గా. అరుగుదలకి హద్దు గీత కనపడకూడదు.

చిరుగు కావాలంటే కత్తెర ముట్టుకోవద్దు. కత్తెరతో కోసిన చిరుగు చివరి వరసలో కూర్చున్నవాడికి కూడా తెలిసిపోతుంది. కొబ్బరి కోరుతోనో ఆకురాయితోనో అక్కడే రుద్దుతూ పోండి. నిలువు పోగులు తెగి, అడ్డం పోగులు నిచ్చెన మెట్లలా మిగులుతాయి. అప్పుడు వేలితో కొద్దిగా లాగండి.

చిరుగుకి అతుకు వేయడం మర్చిపోకండి. పేదవాడి బట్ట అనగానే అందరూ చిల్లులు పెడతారు. నిజానికి పేదవాడి ఇంట్లో చిల్లులున్న చొక్కా కంటే అతుకులున్న చొక్కాలే ఎక్కువ, ఎవరో ఒకరు కుడతారు గనక. అతుకు గుడ్డ చొక్కా కంటే తక్కువ వెలిసి ఉండాలి, దారం రంగు కొద్దిగా తేడాగా ఉండాలి, కుట్టు చేత్తో వేసింది కావాలి. అంత చిన్న అతుకు ఆ ఇంట్లో ఒక మనిషి ఉందని చెప్తుంది. అది రెండు డైలాగుల పెట్టు.

మెరుపు కూడా అరుగుదలే. పాత ప్యాంటు కూర్చునే చోట, మోకాళ్ళ దగ్గర నిగనిగలాడుతుంది. కొవ్వొత్తితో అక్కడ తేలిగ్గా రుద్ది, పైన కాగితం వేసి గోరువెచ్చటి ఇస్త్రీ పెట్టండి.

7. వెలవబెట్టడం

రెండు దారులు: ఎండ, బ్లీచ్. టైముంటే ఎండే.

ఏప్రిల్, మే నెలల్లో విజయవాడ డాబా మీద రంగు కాటన్ చొక్కాని తడిపి ఆరేస్తూ పది పదిహేను రోజులు ఉంచితే భుజాలు, వీపు సహజంగా వెలుస్తాయి. మనిషి మీద ఎండ ఎలా పడుతుందో అలా ఆరేయాలి, అంటే భుజాలు పైకి వచ్చేలా. కాలరు కింద, జేబు మూత కింద పాత రంగు అలాగే మిగులుతుంది. ఆ తేడా చేత్తో వేయడం ఎవరి వల్లా కాదు.

ప్రదర్శన ఎల్లుండి అయితే బ్లీచ్. ఇక్కడ జాగ్రత్త చాలా కావాలి.

- కాటన్ మీద మాత్రమే. పట్టు, ఉన్ని మీద పడితే బట్టే కరిగిపోతుంది.
- ఒక పాలు లిక్విడ్ బ్లీచ్ (పొడి కాదు), పది పాళ్ళు చన్నీళ్ళు. స్ప్రే సీసాలో పోసి అరిగిన చోట్ల మీద పొగమంచులా కొట్టండి.
- చూస్తూ ఉండండి. ఒకటి నుంచి ఐదు నిమిషాల్లో రంగు కదులుతుంది. మీకు కావలసినదానికి ఒక మెట్టు ముందే ఆపి బోలెడు నీళ్ళలో ముంచండి.
- తర్వాత హైపో నీళ్ళు: లీటరుకి ఒక చెంచా, పది నిమిషాలు. అక్వేరియం షాపుల్లో యాంటీ క్లోరిన్ పేరుతో అమ్మే పలుకులు సాధారణంగా ఇవే, సోడియం థయోసల్ఫేట్ అని ఉందో లేదో చూసుకోండి. ఆ తర్వాత మళ్ళీ మామూలు ఉతుకు.
- బ్లీచ్‌లో వెనిగర్, నిమ్మరసం, బాత్రూం కడిగే యాసిడ్ ఎప్పుడూ కలపకండి. విషవాయువు వస్తుంది. బ్లీచ్‌ని ఆపడానికి వెనిగర్ పోయమని ఎవరన్నా చెప్తే వినకండి.

హైపో సంగతి నేను నష్టపోయి నేర్చుకున్నాను. ఒక నల్ల జుబ్బాని బ్లీచ్ చేసి, నీళ్ళలో జాడించి, చాల్లే అనుకున్నాను. మొదటి ప్రదర్శన బాగానే అయింది. రెండు వారాల తర్వాత ఇంకో పరిషత్తులో నటుడు కోపంగా చేయి పైకెత్తగానే వీపు నిలువునా పిగిలింది. పోగుల్లో మిగిలిన బ్లీచ్ ఆ రెండు వారాలూ తింటూనే ఉంది. నటుడు మిగతా సీనంతా ప్రేక్షకులకి వీపు చూపకుండా నడిపాడు. ఆయన దగ్గర ఇప్పటికీ తలెత్తుకోలేను.

నల్ల కాటన్ బ్లీచ్‌కి చాలాసార్లు ఇటుక రంగులోకి తిరుగుతుంది. కంగారు పడకండి, వచ్చే భాగంలో దాన్ని చంపుతాం.

8. పాత రంగు పట్టించడం

తెలుపు ఎప్పుడూ తెల్లగా ఉండదు. పంచె, బనియను, జాకెట్టు, తలపాగా అన్నీ ఈ మెట్టు దాటాలి.

టీ: నాలుగు లీటర్ల నీళ్ళలో ఆరు చెంచాల పొడి, పది నిమిషాలు మరిగించి వడకట్టండి. వడకట్టకపోతే పొడి అంటిన చోటల్లా చుక్కలు పడతాయి. చెంచాడు పటిక కలిపి, తడిపిన బట్టని వేసి ఇరవై నిమిషాలు కదుపుతూ ఉండండి. తడిమీద కనిపించే రంగు ఆరాక రెండు మెట్లు తగ్గుతుంది, అందుకే ముందు గుడ్డపీలిక మీద వేసి పూర్తిగా ఆరాక చూసి నిర్ణయించండి.

సమానమైన రంగు కావాలంటే కదపాలి. చారలు చారలుగా కావాలంటే బట్టని నలిపి ఉండచుట్టి, రబ్బరు బ్యాండు వేసి ముంచాలి. పాత్ర బట్టలకి నేను రెండూ చేస్తాను: మొదట పల్చటి టీలో సమానంగా, తర్వాత చిక్కటి టీలో ఉండచుట్టి.

కరక్కాయ: బూడిదరంగు, మసిరంగు కావాలంటే ఇది. పెడనలో కలంకారీ అద్దకానికి ముందు బట్టని కరక్కాయ నీళ్ళలో ముంచుతారు, నలుపుకి ఇనుమూ బెల్లమూ ఊరబెట్టిన నీళ్ళు వాడతారు. కరక్కాయలోని వగరు, ఇనుము కలిస్తే నలుపు పుడుతుంది. మనం అదే కిటుకు పల్చగా వాడుకుంటాం. లీటరు వేడినీళ్ళకి రెండు చెంచాల కరక్కాయ పొడి, వడకట్టి, బట్ట ముంచి ఆరబెట్టండి. వేరే సీసాలో తుప్పు మేకులు వెనిగర్‌లో వారం నానబెట్టి, ఆ నీళ్ళని బాగా పల్చన చేసి స్ప్రే కొట్టండి. కళ్ళముందే బూడిదరంగు దిగుతుంది. ఇటుకరంగుకి తిరిగిన నల్లబట్టకి ఇదే మందు.

ఒక్క హెచ్చరిక. ఇనుము నీళ్ళు పడిన కాటన్ కాలం గడిచేకొద్దీ చీకిపోతుంది. వెంటనే బాగా జాడించండి. అమ్మమ్మ చీర లాంటివాటి మీద ఈ ప్రయోగం వద్దు.

9. మాపడం: చెమట, దుమ్ము, బురద, జిడ్డు

ఇప్పుడు, ఇప్పుడు మాత్రమే మురికి.

చెమట: గోధుమ, పసుపుమన్ను రంగుల్ని టీ నీళ్ళంత పల్చగా కలిపి చంకల్లో, మెడ వెనక, నడుం దగ్గర స్ప్రే కొట్టండి. ఆరాక, మచ్చ అంచుకి కాస్త బయటగా మళ్ళీ ఒకసారి. ముదురు బట్ట మీద చెమట ఆరితే తెల్లటి ఉప్పుచార మిగులుతుంది. దానికి పల్చటి తెలుపు రంగుని సన్నటి బ్రష్షుతో వంకరటింకరగా గీసి, వెంటనే తడిగుడ్డతో ఒక వైపు మాత్రం తుడవండి.

బురద: నిజం బురద వాడకండి. ఆరి రాలుతుంది, వాసనొస్తుంది, నటుడికి దురదలు. రంగుతోనే వేయాలి. మన నల్లరేగడి తడిగా ఉన్నప్పుడు నలుపు, ఆరితే బూడిదరంగు. కాబట్టి నలుపు, కొద్దిగా గోధుమ, కొద్దిగా తెలుపు. ఏటి ఒండ్రు అయితే లేత గోధుమ. బురద కింది నుంచి పైకి చిందుతుంది, అందుకని టూత్ బ్రష్షుని పంచె అంచు దగ్గర కింది నుంచి చిలకరించండి. పైనుంచి చల్లితే వానలో తడిసినట్టుంటుంది, నడిచినట్టుండదు.

దుమ్ము: ముల్తానీ మట్టిని పాత సాక్సులో పోసి ముడివేసి, బట్ట మీద తట్టండి. కావలసిన చోట జాజు కలిపితే ఎర్రదుమ్ము, బొగ్గుపొడి కలిపితే కాటికాపరి మసి. భుజాలు, తలపాగా మడతలు, చెప్పుల వార్లు దుమ్ము నిలిచే చోట్లు. ఇది ఎప్పటికప్పుడు వేసుకునేదే, దులిపితే పోతుంది.

మిర్చి యార్డు సీనుకి ఎర్రదుమ్ము కావాలని, మా జట్టులో ఒక మహానుభావుడు నిజంగానే కారం తెచ్చాడు. ఆ రాత్రి హీరో ఏడవని చోట కూడా ఏడ్చాడు. జాజు ఉండగా కారం దేనికండీ!

జిడ్డు: కాలరుకి, తలపాగా లోపలివైపుకి, చేతులు తుడుచుకునే చోటుకి. నూనె పూస్తే పక్కకి పాకుతుంది, నాలుగు రోజులకి కంపు కొడుతుంది. బ్రౌన్ షూ పాలిష్‌ని గుడ్డకి అంటించి, కాగితం మీద తుడిచి దాదాపు ఏమీ మిగలనప్పుడు కాలరు మడతకి రుద్దండి. రాత్రంతా ఆరనిచ్చి, మర్నాడు కాగితం వేసి తక్కువ వేడిలో ఇస్త్రీ.

యాక్రిలిక్ రంగులన్నీ పూర్తిగా ఆరాక, తిరగేసి ఇస్త్రీ చేస్తే ఉతుకులకి తట్టుకుంటాయి.

10. అద్దె బట్టలైతే

తెనాలి నుంచో మరెక్కడి నుంచో అద్దెకి తెచ్చినవాటి మీద ఎమరీ, బ్లీచ్, టీ, పెయింటు ఏవీ ముట్టుకోకూడదు. ముల్తానీ మట్టి సాక్సు, టైలరు సుద్ద, నలిపి ముడివేసి ఆరబెట్టడం, ఇంతవరకే. జరీ మీద మట్టి కూడా వద్దు, పోదు. నిజంగా పాతది కావాలంటే పైన వేసుకునే కండువా, తలగుడ్డ మాత్రం సొంతంగా కొని పాతపరచండి. చూపరి కళ్ళు ముఖం దగ్గరే ఉంటాయి, ఆ ఒక్కటే సగం పని చేస్తుంది.

11. తోలు సామాన్లు

పల్నాటి వీరుల కథకి నడికట్లు, కత్తి ఒరలు, చెప్పులు చేయిస్తే అన్నీ షోరూంలోంచి వచ్చినట్టు మెరుస్తూ వస్తాయి.

తోలా, రెక్సినా: వెనకవైపు చూడండి. తోలైతే నూగు నూగుగా పీచులా, రెక్సిన్ అయితే నేత గుడ్డ కనిపిస్తుంది. అనుమానం ఉంటే లోపలి అంచునుంచి చిన్న ముక్క కాల్చండి. తోలు వెంట్రుక వాసన, రెక్సిన్ ప్లాస్టిక్ వాసన.

మెరుపు తీయడం: అసిటోన్ ఉన్న నెయిల్ పాలిష్ రిమూవర్‌ని గుడ్డకి తడిపి పైపూత పోయేదాకా తుడవండి. గాలి ఆడే చోట, దగ్గర్లో మంట లేకుండా. తోలు ముఖం చిన్నబుచ్చుకున్నట్టు అవుతుంది, అదే కావాలి.

నలపడం: సగం స్పిరిట్, సగం నీళ్ళు స్ప్రే చేసి, మెత్తబడ్డాక చుట్టండి, విప్పండి, వంచండి, మెలితిప్పండి. బెల్టు అయితే బకిల్ పడే కన్నం దగ్గర గట్టిగా వంచాలి, ఒక్క కన్నమే సాగి ఉండాలి. పాత్ర చిక్కిపోయిన మనిషైతే పాత కన్నం దగ్గర గుర్తు, దానికి లోపల కొత్త కన్నం.

ఆరబెట్టడం నీడలోనే. ఇక్కడే మనవాళ్ళు చెడగొడతారు. మే ఎండలో డాబా మీద పడేస్తే తోలు చెక్కలా బిగుసుకుని పగులుతుంది. వేడినీళ్ళు పోసినా ముడుచుకుపోతుంది, మళ్ళీ సాగదు.

అరగదీయడం: అంచులకి 120, తర్వాత 220. ఒరకి నోటి దగ్గర, చివరన. సంచికి మూలలు, పట్టీ లోపలివైపు. పైన గీతలకి తాళంచెవుల గుత్తి, ఇనప బ్రష్షు, గొలుసు. ఒక పాత గోనెసంచిలో నాలుగు రాళ్ళు, ఒక గొలుసు, ఈ తోలు సామాను వేసి పది నిమిషాలు ఊపండి. చేత్తో పెట్టిన దెబ్బలు వరసగా పడతాయి, సంచి పెట్టిన దెబ్బలకి వరస ఉండదు.

రంగు: ముదురు గోధుమ యాక్రిలిక్‌ని నీళ్ళతో పల్చన చేసి మొత్తం పూసి, ఆరకముందే గుడ్డతో తుడిచేయండి. మడతల్లో, గీతల్లో, కుట్టు రంధ్రాల్లో మాత్రం రంగు మిగులుతుంది. చేయి పడే చోట్లకి అది వద్దు, అక్కడ షూ పాలిష్‌తో నునుపు తెప్పించండి. కత్తి పట్టే మనిషి ఒరని రోజూ ఎక్కడ తాకుతాడో అక్కడ నల్లగా, నున్నగా ఉండాలి.

నూనె: చివర్లో కొద్దిగా ఆముదం. పాతకాలం కిర్రుచెప్పులకి పెట్టిందీ ఇదే. తోలు ముదురు రంగుకి దిగి, మెత్తబడుతుంది. పల్చగా పట్టించి ఒకరోజు ఆగి, తెల్లగుడ్డతో గట్టిగా తుడిచి చూడండి. గుడ్డకి అంటుతున్నంతకాలం నటుడికి ఇవ్వకండి, పంచె పాడవుతుంది. వేసిన యాక్రిలిక్ పూర్తిగా ఆరకముందు నూనె పెడితే రంగు ఊడొస్తుంది.

రెక్సిన్: గట్టిగా రుద్దితే కింద గుడ్డ బయటపడి గుట్టు రట్టవుతుంది. 220తో పైపైన గరుకు చేసి, నలుపు, గోధుమ రంగులు పూసి తుడవడం వరకే. అంచుల్లో ఊడిపోతే ఆ గుడ్డకీ గోధుమరంగు అద్దండి.

బకిళ్ళు, రింగులు: మెరుపు పూతని ఎమరీతో గీకి, నలుపు, ఇటుకరంగు యాక్రిలిక్ అద్ది తుడవండి. నిజం తుప్పు బట్టకి అంటితే పోదు. ఇత్తడి సామానుని చింతపండుతో తోమే అలవాటున్నవాళ్ళకి సామాను పెట్టె తాళం ఇవ్వకండి. మా ఇంట్లో నెలరోజుల పని ఒక పండక్కి తళతళలాడింది.

వానాకాలంలో తోలు సామాన్లని ప్లాస్టిక్ కవర్లో పెడితే బూజు పడుతుంది. పాత గుడ్డలో చుట్టి, గాలి తగిలే చోట ఉంచండి. బూజు వస్తే స్పిరిట్ గుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టండి.

12. తేడా కొడితే

- మచ్చలు చుక్కల పులిలా ఉన్నాయి: రంగు పొడిబట్ట మీద కొట్టారు. మొత్తం తడిపి, పల్చటి టీలో ఒకసారి ముంచండి, అంచులు కలిసిపోతాయి.
- మొత్తం ఒకే గోధుమరంగు అయిపోయింది: మళ్ళీ అరుగుదలకి వెళ్ళండి. 220తో అంచులు రుద్దితే కింద తెలుపు తేలి ప్రాణం వస్తుంది.
- పెయింటు అట్టలా గట్టిపడింది: చిక్కగా వేశారు. నలిపి, బ్రష్షుతో రుద్ది, బండ మీద ఒక ఉతుకు. ఇకమీదట నీళ్ళు ఎక్కువ, పూతలు ఎక్కువ.
- మోచేతికి అనుకోకుండా చిల్లు పడింది: అతుకు వేయండి. చాలాసార్లు అదే బట్టలో అన్నిటికన్నా బాగున్న చోటవుతుంది.
- తోలు పగిలింది: ఆముదం కొద్దికొద్దిగా రెండు మూడు రోజులు. లోతు పగులు అతకదు, దాన్ని ముదురు రంగుతో నింపి పాత్రకి ఇచ్చేయండి.
- అతి అయింది: ఉతకండి. రెండు ఉతుకుల్లో ఒక మెట్టు దిగుతుంది. దిగకపోతే ఆ బట్ట వేరే పాత్రకి.

13. లైటు కింద చూసుకోవడం

ట్యూబులైటు కింద బాగున్నది స్టేజీ మీద కనపడదు. పసుపు లైటు గోధుమ మచ్చల్ని మింగేస్తుంది, నీలం లైటు వాటిని నల్లగా చేస్తుంది. తుమ్మలపల్లి కళాక్షేత్రం లాంటి పెద్ద హాలు అయితే, లైటింగ్ చేసే అబ్బాయిని బతిమాలి పది నిమిషాలు అడగండి. నటుణ్ణి బట్టలతో నిలబెట్టి, మీరు చివరి వరసకి వెళ్ళి కళ్ళు సగం మూసి చూడండి. మోచేతులు, మోకాళ్ళు, కాలరు అక్కడికి తెలియకపోతే తేడా ఇంకొంచెం పెంచాలి. కెమెరాకి అయితే దీనికి తలకిందులు: ఫోనుతో దగ్గర ఫోటో తీసి, పెద్దది చేసి చూసి, కొట్టొచ్చినట్టున్న ప్రతి మచ్చనీ తగ్గించాలి.

బయల్దేరేముందు సంచిలో ఇవి వేసుకోండి:

- ముల్తానీ మట్టి సాక్సు, జాజు పొట్లం
- నీళ్ళ స్ప్రే, 220 ఎమరీ ముక్క
- సూది, కాటన్ దారం, పిన్నీసులు
- బ్రౌన్ షూ పాలిష్, తుడుపుగుడ్డ
- ముందు, వెనక, పక్కల నుంచి తీసిన బట్టల ఫోటోలు, సీను నంబర్లతో

ఇంకోటి. పని పూర్తయిన బట్టలన్నిటినీ ఒక సంచిలో పెట్టి, పైన పెద్ద అక్షరాలతో "ఉతకొద్దు, ఇస్త్రీ చేయొద్దు" అని రాయండి. లేకపోతే ఇంట్లోవాళ్ళు జాలిపడి ఉతికి, గంజి పెట్టి, మడతపెట్టి ఇస్తారు.